నేరేడమ్మ ఆకలి

రెండు కొండల మధ్య సీతాఫలాల కోన అనే అడవి ఉండేది. ఆ అడవిలో కొండముచ్చులు, కుందేళ్ళు, దుప్పులు, అడవిపందులు, ముళ్ళపందులు, ఎలుగుబంట్లు కలిసిమెలిసి బతికేవి. ఎవరి తిండి వాళ్ళది. కుందేలు గడ్డి కొరికేది. ముళ్ళపంది చీకటి పడ్డాక దుంపలు తవ్వుకునేది. ఎలుగుబంటి చెదపుట్ట పగలగొట్టి, మూతి లోపలికి పెట్టి, చెదలన్నిటినీ ఒక్క పీల్పుతో మింగేసేది. "నువ్వు అదెలా తింటావు?" అని ఎవరూ ఎవరినీ అడిగేవాళ్ళు కారు. అడిగే తీరిక ఎవరికీ లేదు.

ఆ తీరిక ఒక్క తోకరాయుడికే ఉండేది.

తోకరాయుడు ఒక కొండముచ్చు. నల్లటి మొహం, వెండిరంగు ఒళ్ళు, ఒంటికన్నా పొడవైన తోక. ఒక వానాకాలంలో అతనికి కడుపునొప్పి వచ్చింది. ఏదీ సయించక కొన్నాళ్ళు లేత ఆకులు మాత్రమే తిన్నాడు. నొప్పి తగ్గింది. తగ్గిన రోజు హుషారుకొద్దీ టేకుచెట్టు మీంచి వాగు అవతల ఉన్న మద్దిచెట్టు మీదికి ఒక్క దూకు దూకాడు. అంత దూరం ఆ కోనలో ఎవరూ దూకింది లేదు. కింద ఉన్నవాళ్ళంతా నోళ్ళు తెరిచారు.

"అబ్బో! ఏం తింటున్నావయ్యా రాయుడూ?" అని అడవిపంది అడిగింది.

పాపం, మామూలుగానే అడిగింది. అడగకుండా ఉంటే ఈ కథే ఉండేది కాదు.

"ఆకులు" అన్నాడు రాయుడు. అక్కడితో ఆగినా బాగుండేది. అందరూ తలలెత్తి తననే చూస్తున్నారు. ఆ చూపులు అతనికి తెగ నచ్చాయి. "ఆకులు మాత్రమే!" అని గొంతు పెంచాడు. "ఒంటికి కొవ్వు పట్టిందంటే జబ్బు పట్టినట్టే. తీపి అంటే విషం. పొద్దు కుంకాక నోట్లో ఏది పడినా కొవ్వుగా మారుతుంది. తెల్లారగానే అందరూ పరిగెత్తాలి. ఒకరి ఒంటికి మంచిదైతే అందరి ఒంటికీ మంచిదే!"

ఇందులో ఒక్క ముక్క కూడా అతను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మాట్లాడుతుంటే నోటికి వచ్చాయి, అంతే. కానీ అంత దూరం దూకినవాడు చెబుతుంటే కాదనేది ఎవరు?

మర్నాటినుంచి కోన కోనంతా రాయుడి వెంట పడింది. వాగు ఒడ్డున రెండు పెద్ద బండలు పక్కపక్కన నిలబడి ఉండేవి. వాటి మధ్య ఇరుకైన సందు ఉంది. ఆ సందులో దూరి అవతలికి పోగలిగితే ఆరోగ్యం ఉన్నట్టని, ఇరుక్కుంటే లేనట్టని రాయుడు తేల్చాడు. ఏ రోగమూ లేని అడవిపంది ఇరుక్కుని రోగిష్టి అనిపించుకుంది. దగ్గలేక దగ్గుతున్న ముసలినక్క సునాయాసంగా దూరిపోయి ఆరోగ్యవంతురాలు అనిపించుకుంది.

కుందేళ్ళు కూడా ఎగురుకుంటూ దూరాయి. "చూశారా ఆకుల మహిమ!" అన్నాడు రాయుడు. కుందేళ్ళు పుట్టినప్పటినుంచీ తినేది గడ్డీ ఆకులే. అయినా ఆ గొప్ప రాయుడికే దక్కింది.

సూదయ్య అనే ముళ్ళపంది పరిస్థితి మరీ అన్యాయం. ముళ్ళపందులు పగలంతా పడుకుని, పొద్దు కుంకాక తింటాయి. పొద్దు కుంకాక తినకూడదన్నాడు కదా రాయుడు? సూదయ్య పగలే తినాలని కూర్చునేవాడు. దుంప నోట్లో పెట్టుకుని, అలాగే గుర్రుపెట్టేవాడు. ఒక రోజు పొద్దున పరుగులో కళ్ళు మూసుకుని పరిగెడుతూ వెళ్ళి అడవిపందిని వెనకనుంచి గుద్దుకున్నాడు. ఒంటినిండా ముళ్ళున్నవాడు గుద్దుకుంటే ఎలా ఉంటుంది? ఆ రోజు అడవిపంది దుప్పుల్ని కూడా దాటేసి పరిగెత్తింది.

"చూశారా ఆకుల మహిమ!" అన్నాడు రాయుడు మళ్ళీ.

ఇక నేరేడమ్మ సంగతి. నేరేడమ్మ ఒక పడుచు ఎలుగుబంటి. నేరేడు పండులా నిగనిగలాడే నలుపు. మెత్తటి మనసు. అప్పుడు ఆమె తొలిచూలుతో ఉంది. చలికాలంలో కొండమీది గుహలో పిల్లల్ని కనబోతోంది. వానలు తగ్గినప్పటినుంచీ ఆమెకు ఎన్నడూ లేనంత ఆకలి వేస్తోంది. సీతాఫలాలు బుట్టలకొద్దీ తిన్నా ఆకలే. పుట్ట తర్వాత పుట్ట ఖాళీ చేసినా ఆకలే. అడుగు తీసి అడుగు వేస్తే పొట్ట ఇటూ అటూ ఊగేది. ఆమె హాయిగానే ఉండేది. పొట్టలో పిల్లలు తన్నినప్పుడల్లా ఆగి, నవ్వుకుని, ఇంకో పండు అందుకునేది.

ఒక రోజు రాయుడు ఆమెను బండల దగ్గరికి పిలిపించాడు.

నేరేడమ్మ తల దూర్చింది. భుజాలు దూర్చింది. ఆ తర్వాత ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. కుందేళ్ళు పకపకా నవ్వాయి. నక్క దగ్గుతూనే నవ్వింది. చివరికి అడవిపందులు వెనక కాళ్ళు పట్టుకుని లాగితే బయటపడింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

"నాకు చాలా ఆకలేస్తుంది రాయుడన్నా" అంది మెల్లగా.

"ఆ ఆకలి నీది కాదమ్మా, నీ కొవ్వుది" అన్నాడు రాయుడు. "ఇంకా కావాలి, ఇంకా కావాలి అని అదే అడుగుతోంది. దాని నోరు మూయించు."

నేరేడమ్మ నమ్మేసింది. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే అది. ఎవరైనా గట్టిగా చెబితే తప్పు తమదే అనుకుంటారు. ఆ రోజునుంచి ఆకలి వేసినప్పుడల్లా ఏదో తప్పు చేసినదానిలా తల దించుకునేది. పండ్ల చెట్ల వైపు వెళ్ళేది కాదు. పుట్టలు తవ్వేది కాదు. ఆకులు తినేది. ఎలుగుబంటి కడుపులో ఆకులు ఏం అరుగుతాయి? తిన్నవి తిన్నట్టే బయటికి పోయేవి. పొద్దున్నే వాగు చుట్టూ పరిగెత్తేది. పరిగెత్తి పరిగెత్తి, బండకు ఆనుకుని రొప్పేది.

కొన్ని వారాలకు ఆమె బండల సందులో దూరి అవతలికి వచ్చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. రాయుడు పూలతీగ తెచ్చి మెడలో వేశాడు. "మన కోనలో ఇంత పట్టుదల ఎవరికీ లేదు!" అన్నాడు.

నేరేడమ్మకు కూడా సంతోషమే వేసింది. దండ వేసుకుని ఇంటికి వచ్చి పడుకుంది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది. అప్పుడు తెలిసింది. రోజూ తన్నే పిల్లలు ఆ రోజు కదల్లేదు.

ఆమె ఇటు తిరిగి పడుకుంది, అటు తిరిగి పడుకుంది. చాలాసేపటికి లోపల ఎక్కడో చిన్న కదలిక తగిలింది. అది కూడా ఎంతో నీరసంగా ఉంది.

పొద్దు పొడవగానే రాయుడి చెట్టు కిందికి పరిగెత్తింది.

"రాయుడన్నా, కాళ్ళు వణుకుతున్నాయి. బొచ్చు రాలిపోతోంది. లోపల పిల్లలు సరిగ్గా కదలడం లేదు."

"మంచిదే కదా!" అన్నాడు రాయుడు. "లోపలి మలినాలన్నీ పోతున్నాయన్నమాట. ఎంత నీరసం వస్తే అంత బాగా పనిచేస్తున్నట్టు."

"పిల్లలు నీరసపడినా మంచిదేనా?"

రాయుడు తోక కొస పట్టుకుని కాసేపు నలిపాడు. తెలియదు అంటే పోయేది. ఆ ఒక్క మాట మాత్రం నోట రాలేదు. "నీకు నమ్మకం తగ్గుతోంది. అందుకే ఇలా అవుతోంది" అనేసి పై కొమ్మకు ఎక్కి వెళ్ళిపోయాడు.

నేరేడమ్మ మెడలోని పూలతీగ తీసి అక్కడే పడేసింది. ఆగుతూ ఆగుతూ కొండెక్కింది. పైన ఆమె పెద్దమ్మ బొగ్గమ్మ ఉంటుంది. బొగ్గమ్మ ఎన్నో కాన్పులు చూసిన ముసలి ఎలుగుబంటి. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆ సమయానికి ఎండలో వెల్లకిలా పడుకుని సీతాఫలం తింటోంది.

"ఎవరే అది? పక్క కొండ నక్కవా?" అంది.

"నేను పెద్దమ్మా. నేరేడుని."

బొగ్గమ్మ చేతిలోని పండు కింద పడింది. గబగబా లేచి వచ్చి నేరేడమ్మను చుట్టూ తిరిగి చూసింది. పక్కటెముకలు తడిమింది. పొట్ట మీద మెల్లగా చెవి ఆనించి విన్నది.

"ఏం చేసుకున్నావే తల్లీ?"

నేరేడమ్మ ఏడుస్తూ అంతా చెప్పింది. వింటున్నకొద్దీ బొగ్గమ్మకు కోపం నషాళానికి అంటింది.

"కొవ్వు జబ్బా? ఎవడే ఆ మాట అన్నది? గుహలో పిల్లలు పుట్టాక నువ్వు వారాల తరబడి బయటికి రావు. కళ్ళు తెరవని పసికూనల్ని వదిలి వస్తే చలికే పోతారు. అన్నాళ్ళూ నీకు తిండి ఉండదు. అయినా పాలు ఇవ్వాలి. దేంతో ఇస్తావు? దీంతోనే!" అంటూ తన తొడ మీద ఫెళ్ళున చరుచుకుంది.

"రాయుడన్న వాళ్ళింట్లో ఎవరూ ఇలా తినరట పెద్దమ్మా."

"ఎందుకు తింటారు? రాయుడి భార్య కొమ్మ మీద కన్నది. కన్న మర్నాడు పక్క కొమ్మకు చెయ్యి చాపి ఆకు తెంపుకుని తిన్నది. ఆమెకు కొవ్వుతో ఏం పని? ఆమెకు సరిపోయింది ఆమె చేసింది. నీకు సరిపోయింది నీ ఒళ్ళు అడిగింది. నువ్వు దాని నోరు నొక్కావు."

"మరి పరుగు కూడా తప్పేనా?"

"కదలడం తప్పని ఎవరన్నారు? ఒళ్ళు కదిలితేనే ఒళ్ళు. కానీ నువ్వు పుట్టలు తవ్వేదానివి, చెట్లెక్కేదానివి, పండు కోసం ఈ కొండ దిగి ఆ కొండ ఎక్కేదానివి. అది కదలడం కాదా? అదంతా మానేసి, ఖాళీ కడుపుతో వాగు చుట్టూ తిరగమని ఎవరన్నారే నిన్ను?"

నేరేడమ్మ కళ్ళు తుడుచుకుంది. అడగడానికి భయపడుతూనే అడిగింది.

"ఇంకా ఆలస్యం కాలేదు కదా పెద్దమ్మా?"

బొగ్గమ్మ ఆకాశం వైపు చూసింది. కిందికి దిగే గాలిని వాసన చూసింది.

"చలి ఇంకా దిగలేదు. పండ్లు ఇంకా ఉన్నాయి. బతికించుకోవచ్చు. మాటలు తర్వాత, ముందు తిను. ఒక్కసారిగా మింగకు, కొంచెం కొంచెంగా మొదలుపెట్టు."

నేరేడమ్మ తినడం మొదలుపెట్టింది. మొదటి రోజు ఒక పండు తిని పడుకుంది. తర్వాత ఇంకొన్ని. ఆ తర్వాత పుట్టలు. పెద్దమ్మ చెట్టెక్కి తేనెపట్టు దులిపితే కింద కూర్చుని నాకేది. కొంచెం ఒంట్లోకి బలం రాగానే పెద్దమ్మ ఊరుకోలేదు. "లే, నీ పుట్ట నువ్వే తవ్వుకో" అని తరిమేది. బొచ్చు మళ్ళీ నిగనిగలాడింది. ఒక మధ్యాహ్నం పండు కొరుకుతుండగా లోపలినుంచి ఎవరో ఫట్టున తన్నారు. నేరేడమ్మ ఆ పండు పట్టుకునే కూర్చుని, నవ్వుతూ ఏడ్చింది.

ఆ సంగతి రాయుడికి తెలిసింది. ఇన్నాళ్ళు పొగిడినవాళ్ళ ముందు పరువు పోతుందని భయం వేసింది. అందరినీ వెంటబెట్టుకుని కొండెక్కాడు.

"ఛీ ఛీ! ఇంత కష్టపడి సాధించిందంతా నేలపాలు చేశావు కదమ్మా!" అన్నాడు.

నేరేడమ్మ ఈసారి తల దించుకోలేదు.

"ఈ పండ్లు నా ఒంటికి పడతాయి అన్నా. నా పిల్లలు మళ్ళీ ఆడుకుంటున్నారు."

"తీపి విషం అని చెప్పానా లేదా?"

"ఒకరి ఒంటికి మంచిదైతే అందరి ఒంటికీ మంచిదే అని కూడా చెప్పావు" అంది నేరేడమ్మ. "నాకు ఇవి మంచివి. మరి నీకు?"

అందరూ రాయుడి మొహం చూశారు. అవునంటే తీపి విషం కాదని ఒప్పుకున్నట్టు. కాదంటే ఇన్నాళ్ళూ చెప్పిన నీతులన్నీ గాలికి పోయినట్టు. రాయుడు ఛాతీ విరిచాడు.

"నాకేం? విషమైనా అరిగించుకోగల ఒళ్ళు నాది!"

ఒక పండు తిన్నాడు. భలే తియ్యగా ఉంది. ఇంకోటి తిన్నాడు. ఇంకోటి, ఇంకోటి.

"చాలన్నా, అలవాటు లేని తిండి" అంది నేరేడమ్మ కంగారుగా.

"నాకు చెప్పేంతదానివా?" అని ఇంకో రెండు మింగాడు.

కొండముచ్చు కడుపు ఆకుల్ని నానబెట్టుకుని, నింపాదిగా అరిగించుకునే కడుపు. అంత తీపి ఒక్కసారిగా పడేసరికి లోపల కుతకుతమని పొంగింది. కొండ దిగేలోపే అతని పొట్ట డప్పులా ఉబ్బిపోయింది. తన చెట్టు కిందికి చేరాడు కానీ ఎక్కలేకపోయాడు. నేలమీదే మూలుగుతూ పడుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వాగు అవతల చిరుతపులి గుర్రుమంది. ఎవరికి వాళ్ళు తలో దిక్కుకూ పరిగెత్తారు. అంతవరకూ రాయుడి వెనకే తిరిగినవాళ్ళు ఒక్కరు కూడా వెనక్కి చూడలేదు. చిరుత పొదల్లోంచి మెల్లగా వచ్చి, నేలమీద ఉన్న కొండముచ్చును చూసి ఆగింది. దాని మొహంలో వెలుగు వచ్చింది.

అంతలో పక్కనున్న చెట్టు చాటునుంచి నేరేడమ్మ కదిలింది. రాయుడి నడక చూసి అనుమానం వచ్చి, అతని వెంటే వచ్చింది. రాయుడికి అడ్డంగా నిలబడి, రెండు కాళ్ళ మీద లేచి ఒక్క అరుపు అరిచింది. బాగా తిని బలిసిన ఎలుగుబంటి లేచి నిలబడితే చిరుతకైనా ఆలోచన వస్తుంది. అది కాసేపు చూసి, ఏమీ ఎరగనట్టు దారి మార్చుకుని వెళ్ళిపోయింది.

"నన్ను ఎందుకు కాపాడావు?" అన్నాడు రాయుడు మూలుగుతూ.

"నువ్వు నా చెడు కోరి చెప్పలేదు కదన్నా" అంది నేరేడమ్మ. "తెలియక చెప్పావు. తెలియదని ఒప్పుకోకపోవడమే నీ తప్పు."

రాయుడిని కడుపునొప్పికన్నా ఆ మాట ఎక్కువ బాధ పెట్టింది.

కోలుకున్నాక అందరినీ పిలిచాడు. "ఎవరు ఏం తినాలో నాకు తెలియదు" అన్నాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు సూదయ్య అక్కడికక్కడే పట్టపగలు నిద్రపోయాడు. అడవిపంది హాయిగా బురదలోకి దిగింది. దుప్పులకు పరుగు సరదా కాబట్టి అవి మాత్రం పరుగు మానలేదు.

చలి దిగింది. నేరేడమ్మ పొట్ట ఊపుకుంటూ గుహలోకి వెళ్ళింది. ఒక రోజు, రెండు రోజులు, ఎన్నో రోజులు గడిచాయి. ఆమె బయటికి రాలేదు. రాయుడికి తిన్నది ఒంటబట్టలేదు. నా మాట విని చిక్కిపోయిన రోజుల్లో ఆ పిల్లలకేమైనా అయిందేమో అని కుమిలిపోయాడు. గుహ పక్కన చెట్టు మీదే మకాం పెట్టాడు.

ఒక రోజు బొగ్గమ్మ వచ్చి గుహ ముందు చెవి పెట్టింది. "దిగిరా, విను" అంది.

రాయుడు దిగి చెవి పెట్టాడు. లోపలినుంచి తేనెటీగలు రొద చేస్తున్నట్టు సన్నటి చప్పుడు వస్తోంది.

"ఏమిటది పెద్దమ్మా?"

"పాలు తాగుతూ పిల్లలు చేసే చప్పుడు" అంది బొగ్గమ్మ. రాయుడు అక్కడే కూలబడి, చాలాసేపు వింటూ ఉండిపోయాడు.

ఇప్పపూలు రాలే రోజులు వచ్చాయి. ఒక ఉదయం నేరేడమ్మ గుహలోంచి బయటికి వచ్చింది. ఆమె వీపు మీద ఇద్దరు పిల్లలు తల్లి బొచ్చు పిడికిళ్ళతో పట్టుకుని కూర్చున్నారు. గుండ్రటి మొహాలు, బూరెల్లాంటి బుగ్గలు. నేరేడమ్మ మాత్రం ఎముకల గూడులా ఉంది. ఆమె కూడబెట్టుకున్న కొవ్వంతా ఆ పిల్లల ఒంట్లోకి చేరింది.

"అబ్బ, ఎంత నాజూగ్గా అయ్యావమ్మా!" అంది ముసలినక్క. "రాయుడూ, చూశావా? ఏం తింటే ఇలా అవుతామో చెప్పవయ్యా!"

అందరూ రాయుడి వైపు తిరిగారు. రాయుడు చెట్టు దిగి, రెండు చేతుల నిండా ఇప్పపూలు ఏరుకుని, నేరేడమ్మ దగ్గరికి వచ్చాడు.

"బాగా చిక్కిపోయావమ్మా" అన్నాడు. "ఇవి నీ ఒంటికి పడతాయో లేదో నాకు తెలియదు. పడితే తిను."

"పడతాయన్నా" అంది నేరేడమ్మ. అక్కడే కూర్చుని, కడుపు నిండేదాకా తిన్నది.

నీతి: ఒకరి ఒంటికి మేలు చేసిందల్లా అందరికీ మేలు చేయదు. ఆరోగ్యం గురించి సలహా ఇచ్చే ముందు అవతలివారి అవసరాన్ని అడిగి తెలుసుకోవాలి, తెలియనప్పుడు తెలియదని చెప్పాలి.